ఏడో నంబరు పాదం

మధ్యాహ్నం రెండింటికి పరదాలు దించేస్తారు. దీపాలు ఆర్పేస్తారు. నాలుగింటి దాకా ఏ బిడ్డ మీదా ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి నిద్రే మందు. ముట్టుకున్న ప్రతిసారీ ఊపిరి తడబడుతుంది. అలారం మోగితే తప్ప, నర్సు కళ్లతోనే కాపలా కాయాలి.

కటక్‌లోని ఆ పసికందుల వార్డుకి ఆరు వారాల శిక్షణ కోసం ఎనిమిది మందిమి వచ్చాం. ఆ రోజు కాపలా వంతు నాది. నా ఆఖరి పరీక్ష కూడా అదే.

"విను కంధమాల్," అంది ఇన్‌చార్జి ప్రమోదినీ దీదీ. "పోయిన బ్యాచిలో ఒకమ్మాయి, బిడ్డ టోపీ జారిందని సర్దింది. ఆ సాయంత్రమే సర్టిఫికెట్ లేకుండా బస్సెక్కించాను. తెలిసిందా?"

"తెలిసింది దీదీ."

గుమ్మంలో మా బ్యాచి లోపాముద్ర కిసుక్కున నవ్వింది. "మేకల్ని కాసిన కళ్లు కదా దీదీ, బాగానే కాస్తుందిలే."

ఐదు వారాలుగా నా పేరు కంధమాల్, మా జిల్లా పేరు. మిగతా ఏడుగురూ కటక్, పూరీ వైపువాళ్లు. మధ్యాహ్నం ఒకే గిన్నె చుట్టూ చేరి పఖాళ, నీళ్లలో నానిన చద్దన్నం, తింటారు. నేను వెళితే జరిగి చోటిస్తారు. మాటలు మాత్రం ఆగిపోతాయి. మూడోరోజు నుంచి నా పళ్లెం మేడమెట్ల మీదికి తీసుకెళ్లడం అలవాటు చేసుకున్నాను.

ఆ సర్టిఫికెట్ కాగితం మాత్రం నాకు కావాలి. మా కొండమీది ఆసుపత్రిలో నాలుగు వార్మర్లున్నాయి, పైనుంచి వేడి దిగే పసిమంచాలు. వచ్చి పదమూడు నెలలైనా ప్లాస్టిక్ కవర్లు విప్పలేదు. శిక్షణ పొందిన నర్సు లేనిదే ఆ గది తాళం తియ్యరు. పోయిన వానల్లో ఒక బిడ్డని గుండెకి కట్టుకుని జీపులో బరంపురం బయల్దేరాను. ఘాటు రోడ్డు మూడో మలుపులో, నా చేతిలో ఉన్న పాదం చల్లబడింది. ఇంకా రెండు గంటల దారి ఉంది.

మూడుంబావు.

పద్దెనిమిది మానిటర్ తెరల మీద అంకెలు వెలుగుతున్నాయి. ఏడో నంబరు మంచంలో బాసంతి కూతురు, కిలో నూటయాభై గ్రాములు. ఒంటి వేడి ముప్పై ఆరున్నర డిగ్రీలు. నిక్షేపంగా ఉంది.

అదే నాకు నచ్చలేదు. మిగతా మంచాల మీద అంకె ఓ పిసరు అటూ ఇటూ ఊగుతోంది. ఇక్కడ గంట నుంచి కదల్లేదు. పైనుంచి ఎంత వేడి దిగుతోందో చూపే గీతల్లో ఒక్కటే వెలుగుతోంది. ఏసీ గాలి సరిగ్గా ఆ మంచం మీదికే కొడుతోంది. ఇందాకటి దాకా కాళ్లు ముడుచుకుంటూ చాచుకుంటూ ఉన్న పిల్ల ఇప్పుడు కదలడం లేదు.

అద్దాల గదిలో దీదీ అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతోంది. పిలిచినా, అంకె బాగానే ఉంది కదా అంటుంది. ముట్టుకున్నాక ఈ బిడ్డ బాగానే ఉందని తేలితే నాకు బస్సు ఖాయం. బాగా లేకపోతే?

చేతులకి క్రిములు చంపే మందు రాసుకున్నాను. వేళ్ల వెనకవైపు ఆ పాదానికి ఆనించాను.

చల్లగా ఉంది. మూడో మలుపులో ఉన్నంత చల్లగా.

పొట్ట తడిమితే గోరువెచ్చ కూడా కాదు. అప్పుడు కనిపించింది. ఒంటి వేడి చూసే సెన్సర్ పొట్టకి అంటించి ఉంటుంది. దాని మీదికి న్యాపీ మడత ఎక్కి కూర్చుంది. మడత కింద వెచ్చగా ఉన్న సెన్సర్, బిడ్డంతా వెచ్చగానే ఉందని చెబుతోంది. ఆ మాట నమ్మి మిషన్ వేడి తగ్గించేసుకుంది.

రెండింటికి పావుగంట ముందు ఆ న్యాపీ మార్చింది నేనే. మా కొండల్లో చలికి గుడ్డ పొట్ట దాకా పైకి లాగి కడతాం. మా అమ్మ అలాగే కట్టేది. నా చేతులు నన్ను అడక్కుండానే అలా కట్టేశాయి.

మడత కిందికి లాగాను. అంకె జారింది. ముప్పై ఆరు. ముప్పై ఐదున్నర. ముప్పై నాలుగు పాయింట్ ఎనిమిది. అలారం అరిచింది.

దీదీ పరిగెత్తుకొచ్చింది, వెనకే లోపాముద్ర. వేడి పెంచారు. టోపీ, మేజోళ్లు మార్చారు. మడమ గుచ్చి రక్తంలో చక్కెర చూశారు, పడిపోలేదు. అరగంటకి పిల్ల మొహం చిట్లించి కీచుమంది.

"అలారం ముందా, నీ చెయ్యి ముందా?" అంది దీదీ.

నేను నోరు తెరిచేలోగా లోపాముద్ర అందుకుంది. "అలారమే దీదీ. మేమూ విన్నాం కదా." నా మోచేయి గిల్లింది. ఐదు వారాల్లో ఆ గుంపులో ఒకరు నా పక్కన నిలబడ్డం అదే మొదలు. ఊఁ అంటే చాలు. శనివారం కాగితం, సాయంత్రం వాళ్ల గిన్నె దగ్గర చోటు.

ఊఁ అంటే రేపు ఇంకో బిడ్డ పొట్టమీద ఇంకో మడత. మడత కప్పితే అలారం మోగదని ఎవరికీ తెలియదు.

"చెయ్యే ముందు దీదీ. న్యాపీ పైకి కట్టింది కూడా నేనే."

లోపాముద్ర నా మోచేయి వదిలేసింది. "నీ ఖర్మ. రక్షించబోతే నన్ను అబద్ధాలకోరుని చేశావు," అని చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

దీదీ పొరపాట్ల రిజిస్టర్ తెరిచి, కలం పట్టుకుని ఆగింది.

"నీ పూర్తి పేరేంటి?"

"ఝునులతా కన్హార్."

రాసుకుంది. "ముట్టుకున్నందుకు నిన్ను బస్సెక్కించను. కానీ ఆ మడత కట్టిన చేతుల్ని సర్టిఫికెట్ ఇచ్చి మీ కొండకీ పంపలేను. వచ్చే బ్యాచితో మళ్లీ మొదట్నుంచీ ఆరు వారాలు."

శనివారం ఏడుగురూ ఫోటో దిగి వెళ్లిపోయారు. హాస్టల్లో ఏడు పరుపులు చుట్టేశారు. మా ఆసుపత్రి కాంపౌండరు దైతారీ దాదాకి ఫోన్ చేశాను.

"ఆరు వారాలా! ఆ తాళం ఎలాగూ తుప్పు పట్టింది, ఇంకాస్త పట్టనీ. తిన్నావా?"

తిన్నానన్నాను. పఖాళ మెట్ల మీదే ఉంది. ఇప్పుడు కిందే కూర్చోవచ్చు, ఎవరూ లేరు. అయినా మెట్ల మీదే తిన్నాను.

సోమవారం రెండింటికి పది నిమిషాలుందనగా దీదీ గుమ్మంలోంచి కేకేసింది. "పరదాలు ఆపండి. ఇక నుంచి ముందు పాదాలు, మడతలు చూశాకే దించడం. ఝునులతా, నువ్వు మొదలుపెట్టు."

చేతులకి మందు రాసుకుని, ఏడో నంబరు దగ్గరికి ముందు వెళ్లాను.