నలుగురు పట్టే విమానం

నంద్యాలలో విత్తనాల కంపెనీ నడిపే మహీధర్ సొంతానికి ఒక చిన్న విమానం కొనాలనుకున్నప్పుడు, దాన్ని ఎంచే పని, నడపబోయే ఫిలిప్‌కే అప్పగించాడు.

"తోలేటోడివి నువ్వన్నా. నువ్వు కూచోను పట్టేదే చూడు. తక్కినోళ్లం యాడో ఒకసోట సర్దుకుంటాం" అన్నాడు.

ఫిలిప్‌కు నలభై ఆరేళ్లు. ఆరడుగుల మూడంగుళాల ఎత్తు, నూట ముప్పై ఒక్క కిలోల బరువు. తిండి వల్ల వచ్చిన ఒళ్లు కాదది, ఎముకే పెద్దది. ఆళ్లగడ్డ చర్చిలో సండేస్కూలు చదివే రోజుల్లో బైబిల్లోని భారీకాయుడు గొల్యాతు పేరు వినబడితే చాలు, పిల్లలందరూ పాఠం వదిలేసి అతనివైపు తిరిగేవారు. అలాంటి మనిషి విమానం నడపడం నేర్చుకుని, ఒక ఫ్లయింగ్ క్లబ్బులో పదమూడేళ్లు శిక్షకుడిగా పనిచేశాడు. క్లబ్బు మూతపడింది. ఆ తర్వాత పనికోసం ఎక్కడికి వెళ్లినా, తలుపు దగ్గర తల వంచి లోపలికి వస్తున్న అతన్ని చూడగానే అవతలివాళ్ల ముఖంలో జవాబు కనబడేది. నాలుగేళ్లుగా ఆళ్లగడ్డనుంచి రోజూ నంద్యాల వెళ్లి ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతున్నాడు. జూలై ఆఖరుకు లైసెన్సు గడువు తీరిపోతుంది. ఈలోగా ఎవరైనా విమానం చేతికిస్తే సరే, లేకపోతే లేదు.

విమానాలు అమ్మిపెట్టే ఆనందరావు మొదట బెంగళూరు అవతల ఒక చిన్న మైదానానికి తీసుకెళ్లాడు. రెక్కలు కిందివైపు ఉండే నాలుగు సీట్ల విమానం. ఒకటే తలుపు, అదీ కుడివైపు. ఫిలిప్ రెక్క ఎక్కి, మోకాళ్లమీద పాకుతూ ఎడమ సీటులోకి చేరాడు. తల పైకప్పుకు తగిలింది. నడిపే చక్రాన్ని తనవైపు లాగితే సగంలో పొట్టకు ఆనుకుని ఆగిపోయింది. నేలమీద దించేటప్పుడు దాన్ని పూర్తిగా వెనక్కి లాగాలి.

"ఊపిరి బిగబట్టి సూడన్నా" అన్నాడు ఆనందరావు.

"దిగేంతవరకూ బిగబట్టేకి అయితాదాప్పా?" అన్నాడు ఫిలిప్.

హైదరాబాదులో రెండోది చూశారు. అందులో తల పట్టింది, భుజాలు పట్టలేదు. మహీధర్ పక్కన కూర్చుంటే తలుపు మూసుకోలేదు. మూడోది ఆరు సీట్లది. ఫిలిప్ అందులో కూర్చుని కాళ్లు చాపాడు. చేతులు చక్రంమీద సహజంగా వాలాయి. పొట్టకూ చక్రానికీ మధ్య జానెడు ఎడముంది. అతనికి దిగబుద్ధి కాలేదు. ధర విన్న మహీధర్ బయటికి వెళ్లి, బాటిల్‌లో నీళ్లన్నీ తాగి వచ్చాడు.

"అది మన ఎత్తుకు అందేది కాదన్నా" అన్నాడు. ఫిలిప్ తల ఊపి దిగాడు.

నాలుగోది ఏప్రిల్లో దొరికింది. పాతదే అయినా బాగా చూసుకున్న విమానం. రెక్క నెత్తిమీద ఉంటుంది, రెండు పక్కలా తలుపులున్నాయి, నాలుగు సీట్లు. సీటును కడపటి గాడి దాకా వెనక్కి జరిపి, బెల్టుకు అదనపు ముక్క తగిలిస్తే ఫిలిప్ పట్టాడు. చక్రం పూర్తిగా వెనక్కి వచ్చింది. ఒకటికి నాలుగుసార్లు లాగి చూసుకున్నాడు. మహీధర్ కూడా సంతోషించాడు. తన భార్య భార్గవినీ తల్లి కన్యకమ్మనూ ఎక్కించుకుని ఒకసారి తిరిగొచ్చాక సంతకం పెడతానన్నాడు.

సీటు పట్టింది, బరువే పట్టలేదు. సగం ట్యాంకు ఇంధనం పోసినా, లోపలి మనుషులందరి బరువూ కలిసి మూడువందల ఇరవై ఎనిమిది కిలోలు దాటకూడదు. ఫిలిప్ ఆ లెక్క మొదటి రోజే వేశాడు, ఎవరికీ చెప్పలేదు. ఆ రోజునుంచి పొద్దున ఒక జొన్నరొట్టె, రాత్రికి మజ్జిగ. తెల్లవారకముందే లేచి అహోబిలం రోడ్డున ఎనిమిది కిలోమీటర్లు నడిచాడు. ఆళ్లగడ్డలోనే ఒక ఆస్పత్రిలో నర్సుగా ఉన్న అతని భార్య లూదియా, శనివారం శనివారం అక్కడి కాటామీద తూచేది. ఆరు వారాలకు నాలుగు కిలోలు తగ్గాడు. తర్వాత ముల్లు కదలడం మానేసింది.

మే నెలలో, మహీధర్ కుటుంబాన్ని ఎక్కించే ముందురోజు సాయంత్రం, బరువుల కాగితం నింపడానికి కూర్చున్నాడు. మహీధర్ ఎనభై రెండు. భార్గవి అరవై నాలుగు. కన్యకమ్మ డెబ్బై ఒకటి. తన పేరు ఎదురుగా నూట పది అని రాశాడు. కూడితే మూడువందల ఇరవై ఏడు వచ్చింది.

లూదియా భుజంమీదుగా చూసింది. "నూటా ఇరవై ఏడు కదప్పా. నూటపదని ఎందుకు రాస్తాండావ్?"

"రెండు మూడు నెలలకు దిగుతా."

"ఎగిరేది రేపు కదా?"

ఫిలిప్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాలుగేళ్లుగా అతను ఆకాశంవైపు చూడకుండా నడవడం ఆమె ఒక్కతే గమనించింది.

విమానాన్ని ఓర్వకల్లు విమానాశ్రయానికి తెచ్చినవాడు లోకేశ్ అనే కుర్ర పైలట్. అరవై కిలోలకు మించి ఉండడు. మూడు రోజులుగా పొద్దున్నే వాళ్లిద్దరే ఎక్కి తిరుగుతున్నారు. నేల వదిలిన మొదటి క్షణంలో ఫిలిప్ కళ్లు చెమర్చాయి. లోకేశ్ అది చూసీ చూడనట్లు కిటికీవైపు తిరిగాడు. ఆ మూడు రోజులూ విమానం అతని చేతిలో చెప్పినట్లు విన్నది. చేయి ఏదీ మరిచిపోలేదు.

మర్నాడు చల్లపూట ఎనిమిదికే వస్తామన్న మహీధర్ కుటుంబం, మంచి గడియ పన్నెండుకే ఉందని కన్యకమ్మ పట్టుబట్టడంతో పన్నెండుకు వచ్చింది. ఎండ నలభై మూడు దాటింది. రన్‌వే మీద గాలి నీళ్లలా వణుకుతోంది. వేడిగాలిలో ఏ విమానమైనా మందకొడిగా లేస్తుందని ఫిలిప్ వందమందికి పాఠం చెప్పినవాడే.

"పదిహేడు కిలోలు ఏమి లెక్క" అని తనకు తనే చెప్పుకున్నాడు. "పాణ్యం ఆటోల్లో పన్నెండుమంది ఎక్కుతారు."

కన్యకమ్మ పట్టుచీర కట్టుకుని, ఒడిలో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని వెనక సీట్లో కుదురుకుంది. పక్కన భార్గవి. ముందు మహీధర్ అప్పటికే ఫోన్లో ఫొటోలు తీస్తున్నాడు. ఫిలిప్ ఎక్కగానే విమానం అతనివైపు ఒరిగి, మెల్లగా నిలదొక్కుకుంది.

"సోటు సాలకపోతే నన్ను ముందే దింపు నాయనా" అంది కన్యకమ్మ.

"లేదమ్మా. కూచోండి."

"నాకు బయం లేదులే ఫిలిప్పూ. నువ్వుండావు కదా."

ఫిలిప్ ఇంజను తాళంమీద చేయి వేశాడు. చేయి అక్కడే ఉండిపోయింది. మహీధర్ ఫోను దించి అతనివైపు చూశాడు. లోపల చెమట వాసన, పులిహోర వాసన.

"మహీధరప్పా, ఎగరలేం. బరువెక్కువైంది."

"కాగితంలో సరిపోయిందంటివి కదన్నా?"

"నా బరువు తప్పు రాస్తి. పదిహేడు కిలోలు తగ్గించి రాస్తి."

మహీధర్ ఫోను జేబులో వేసుకుని, "మా అమ్మను కూచోబెట్టినాక చెప్తాండావే" అన్నాడు. అందులో కోపంకన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఉంది. ఆ మాటే ఫిలిప్‌కు ఎక్కువ తగిలింది.

"ఇప్పుడన్నా చెప్తి" అన్నాడు నెమ్మదిగా. "ఒకరు దిగితే ఎగరొచ్చు."

"ఈ పొద్దు ఒకరు దిగుతారు. రేపు? ముగ్గురికోసరం నాలుగు సీట్లది కొనాల్నా?"

ఆరు సీట్లది మహీధర్ కొనలేడు. నాలుగు సీట్లది ఫిలిప్‌తో కలిపి నలుగురిని మోయలేదు. మధ్యలో ఇంకొకటి ఉందేమోనని అయిదు నెలలు వెతికినవాడు తనే.

తలుపు తెరుచుకుని దిగాడు. రెక్క నీడలో నిలబడి ఉన్న లోకేశ్‌ను మహీధర్ పిలిచాడు. లోకేశ్ ఫిలిప్ ముఖంలోకి చూశాడు.

"పోప్పా. వేడి ఎక్కువుండాది, ముక్కు తొందరగా ఎత్తొద్దు" అన్నాడు ఫిలిప్.

లోకేశ్ సీటును ముందుకు, ఇంకా ముందుకు జరుపుకున్నాడు. ఫిలిప్ తలుపులోంచి వెనక్కి చేయి చాచి కన్యకమ్మ బెల్టు బిగించాడు. విమానం పరుగెత్తి, తేలిగ్గా లేచి, నంద్యాలవైపు తిరిగింది. అది చుక్కై కనబడకుండా పోయేదాకా అతను ఎండలోనే నిలబడ్డాడు.

ముప్పావుగంటకు తిరిగి వచ్చారు. కన్యకమ్మ ముఖం వెలిగిపోతోంది. "మన గోడౌన్ కనపడె. కుందూ ఏరు కనపడె. బండెక్కినట్లే ఉండాది ఫిలిప్పూ. పిల్లోడు బాగా తోల్తాడు" అంది. మనసులో ఏదో పెట్టుకుని అన్న మాట కాదది.

మహీధర్ అతన్ని పక్కకు పిలిచాడు. "ఏమనుకోవద్దన్నా. ఇదే కొంటాండా. ఆ పిల్లోడు వస్తానన్యాడు. నీకు గోడౌన్లో ఏదన్నా పని చూస్తా."

"వద్దులేప్పా. కోచింగ్ ఉంది."

"చెప్పకుండా ఎగిరింటే ఏమయ్యుండు?"

ఫిలిప్ నిజమే చెప్పాడు. "ఏమీ కాకపోయి ఉండొచ్చు. ఈ పొద్దుకు."

ఆళ్లగడ్డ చేరేసరికి సాయంత్రమైంది. లూదియా వాకిట్లోనే అతని ముఖం చూసింది.

"చెప్పేస్తివా?"

"చెప్పేస్తి."

"మంచి పని చేస్తివి" అంది. ఆ మాట వల్ల అతనికి ఏ ఊరటా కలగలేదు. కలగలేదని ఆమెకూ తెలిసింది. చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, పొద్దు గుంకేదాకా మంచంమీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

లైసెన్సుకు ఆఖరి రోజు, జూలై ముప్పై ఒకటి, గురువారం వచ్చింది. ఆ రోజు ఫిలిప్ నంద్యాలలో మూడు క్లాసులు చెప్పాడు. రెండో క్లాసులో ఒక పిల్ల ఒకే లెక్క మూడుసార్లు తప్పు చేస్తే, విసుక్కోకుండా మూడుసార్లూ బోర్డుమీద చేసి చూపించాడు. నాలుగున్నరకు సుద్దపొడి అంటిన చేతులు కడుక్కుని బస్టాండుకు నడిచాడు. ఆళ్లగడ్డ బస్సు అప్పుడే వెళ్లిపోయిందట. తర్వాతి దానికోసం నిలబడ్డాడు.