ఎదురు పురి

అత్తగారు హనుమాయమ్మ వంటింటి గడప మీద కూర్చుని నువ్వులు బాగుచేస్తోంది, తోడికోడలు కమలాకుమారి కిరోసిన్ స్టౌకి పిన్ను పొడుస్తోంది, మరిది శేషగిరి ముందుగదిలో చదవడం రాని హిందీ పేపర్లో బొమ్మలు చూస్తున్నాడు, కూతురు అరుంధతి తలంటుకున్న జుట్టు బాల్కనీలో ఆరబెట్టుకుంటోంది, ఈ రెండు గదుల సరోజినీ నగర్ క్వార్టర్లో ఇంతమంది ఉన్నారు, ఆయనొక్కడే లేడు, ఆయన పోయి ఏడాది తిరిగిందనే కదా ఇంతమందీ వచ్చారు, అనుకుంటూ హైమవతి వెనకగదిలో గోగునార కట్ట మీద నీళ్లు చిలకరించింది, సాయంత్రం ఈ అల్లికని తీసుకెళ్లడానికి మండీ హౌస్ గ్యాలరీ వాళ్ల టెంపో వస్తుంది, అంచు ఇంకా జానెడు మిగిలే ఉంది, సంవత్సరీకం నాడు కూడా నారేనా అక్కా అని కమలాకుమారి పొద్దున్న అననే అంది, అవును నారే, ఈ ఎండకి తడి ఆరితే నార పుటుక్కున తెగుతుంది, దానికి సంవత్సరీకమేమిటో తెలుసా.

తెగుతుందని కూడా తెలియదు తనకి, పెళ్లయి ఢిల్లీ వచ్చిన కొత్తలో, ఊళ్లో గెడ్డ ఒడ్డున నీళ్ల పక్కన కూర్చుని అమ్మ తొడ మీద పేనుతుంటే నార పాములా మెత్తగా వంగేది, ఇక్కడ వడగాలిలో అదే నార చీపురు పుల్లయిపోయింది, ఏడుపొచ్చింది, అప్పుడు ఆయన, చెన్నకేశవులు, ఆఫీసు నుంచి వచ్చి బూట్లయినా విప్పకుండా కట్టంతా తీసుకెళ్లి కూలర్ ముందు పెట్టాడు, ఇదిగో మీ గెడ్డ గాలి అన్నాడు, రాత్రికల్లా ఇల్లంతా నానబెట్టిన నార కంపు, పక్కింటి పంజాబీ ఆవిడ తలుపు కొట్టి, క్యా మర్ గయా ఆప్‌కే ఘర్ మే, మీ ఇంట్లో ఏం చచ్చింది అని అడిగింది, ఆ ఆవిడే నెల తిరక్కుండా బాల్కనీలో పూలకుండీకి తన చేత ఉట్టి అల్లించుకుంది, ఆవిణ్ణి చూసి కింది వాటావిడ, ఆమెను చూసి ఎదురు బ్లాకు, ఉట్లు పెద్దవై తెరలయ్యాయి, తెరలు గోడలంత అయ్యాయి, అమ్మ చనిపోయిన ఏడు తను అల్లినది నల్లగా గుబురుగా గూడులా వచ్చింది, అదేమిటో తనకే తెలియలేదు, గ్యాలరీ నడిపే ఆవిడ వచ్చి దాని ముందు చాలాసేపు నిలబడి, ఇది నాకివ్వండి హైమవతి జీ, గోడకి పెడతాను అంది, ఆయన ఏటా సెలవుకి ఊరెళ్లి నార మోపు ఏ.పీ. ఎక్స్‌ప్రెస్‌లో సీటు కింద దూర్చి తెచ్చేవాడు, తాళ్ల వ్యాపారమా గురూ గారూ అని ఎవరో అడిగితే, అవునండీ, మా ఆవిడ కంపెనీ, నేను గుమాస్తాని అన్నాడట, చెప్పి చెప్పి నవ్వేవాడు, ఆ నవ్వు.

ఆ నవ్వుతోనే వెళ్లాడు ఆ పొద్దున్న కూడా, ఆసియా క్రీడలకని ఢిల్లీ అంతా రోడ్లు తవ్విపోస్తున్న ఎండాకాలం, ధౌలా కువాన్‌లో బస్సు కోసం నిలబడి నిలబడి అక్కడే కూలిపోయాడు, ఎవరో తెచ్చి ముందుగదిలో పడుకోబెట్టారు, అందరూ ఏడ్చారు, పంజాబీ ఆవిడ ఏడ్చింది, తనకి రాలేదు, ఎంత పిలిచినా రాలేదు, దినాలు కాగానే నార ముందు కూర్చుంది, అమ్మో ఎంత గుండె అన్నారు, ఏడవని పెళ్లాం అన్నారు, అత్తగారు ఏమీ అనలేదు గానీ ఊరెళ్లేటప్పుడు తన మొహంలోకి చూడలేదు, ఆ చూడకపోవడం ఏడాదంతా కళ్ల ముందే ఉంది, ఏడాదంతా అల్లిందిదే, సీలింగు కొక్కెం నుంచి దిగి, నడుము దగ్గర బిగిసి, నేల మీద జుట్టులా పరుచుకున్న ఈ నిలువెత్తు నార, ఇది గ్యాలరీలో నిలబడితే అక్కడే పిల్లలకి నేర్పే పని ఇస్తానంది గ్యాలరీ ఆవిడ, తను బేర్ సరాయ్‌లో గది చూసుకుంది, క్వార్టర్ ఖాళీ చేశాక అక్కడికే, నిలబడకపోతే శేషగిరి వెంట ఊరికి, శేషగిరి తల్లీకూతుళ్లిద్దరికీ టికెట్లు కూడా తీయించేశాడు.

వదినా, దీన్ని కాస్త పక్కకి చుడతాను, భోజనాలకి చోటు కావాలి కదా, అంటూ వచ్చాడు శేషగిరి, చుడుతూ చుడుతూ ఒక కొస వదులుగా ఉంటే రైతు బిడ్డ కదా, ఊరుకోలేక బిగిద్దామని అలవాటుగా ముందుకి మెలిపెట్టాడు, అది బిగియలేదు, విడిపోయింది, ఇంకోటి పట్టుకుని మెలిపెట్టాడు, అదీ విడిపోయింది, చేతులు వదిలేసి వెనక్కి జరిగాడు, వదినా, ఇదేటి, ఇది ఎదురు పురి.

కాదే, తనెందుకు ఎదురు పురి పేనుతుంది, ముందుకి తోసి పేనితే ఇంటి తాడు, వెనక్కి లాగి పేనితే పాడె తాడు, ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు, పొరపాటున అరచెయ్యి వెనక్కి వెళితే అమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది, హైమవతి ఒక కొస పట్టుకుంది, ఎదురు పురే, పైకి తడిమింది, ఎదురు పురే, నడుము దగ్గరా, కొక్కెం దగ్గరా, ఏడాది పొడవునా ఈ అరచెయ్యి వెనక్కే లాగింది, తనతో ఒక్క మాటైనా చెప్పకుండా, శేషగిరి ఏదో అంటూనే ఉన్నాడు, ఇది ఇంట్లో ఉండకూడదు, పరాయి చోటుకి పంపడం మరీ పాపం, టెంపో వద్దని చెప్పెయ్యి, సాయంత్రం జమునలో కలిపేసి వస్తాను, కమలాకుమారి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది, అరుంధతి తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చి, క్యా హువా అమ్మా, చాచా గుస్సా క్యోఁ కర్ రహే హైఁ అంటోంది, బాబాయి కోపమెందుకో దానికేం తెలుసు, విప్పేస్తే, అనుకుంది హైమవతి, అంతా విప్పి మళ్లీ పేనితే, టెంపో వచ్చేలోగా ఎవరి తరం, పోనీ ఊరికే వెళ్లిపోతే, నార కూడా ఊరిదే కదా.

హనుమాయమ్మ లేచి వచ్చింది, నువ్వుల చెయ్యి చీరకి తుడుచుకుంది, శేషగిరిని పక్కకి జరిపింది, అన్నిటికంటే కిందనున్న కొస పట్టుకుని వేళ్లతో నిమిరింది, మెల్లగా పైకి, పురి పురికీ ఆగుతూ, కొడుకు వీపు తడిమినట్టు, అందినంత ఎత్తు నిమిరి అక్కడే చెయ్యి ఆనించి నిలబడింది, ఇప్పుడు తిడుతుంది, ఇప్పుడు, అని హైమవతి తల వంచుకుంది, కానీ అత్తగారు ఏడాది తరవాత మొదటిసారి తన మొహంలోకి చూసింది.

నా కొడుక్కి ఈ పిల్ల ఏడవలేదన్నారు, నానూ అదే అనుకున్నాను, ఏడుపంతా సేతుల్లోకి దిగిపోనాది, ఎవరు సూసినారు.

అమ్మా, పాడె తాడే అది, అన్నాడు శేషగిరి, అయితే ఏటిరా, నీ అన్నకి కాకపోతే ఎవరికి పేనుతాది, అంది ముసలావిడ, బండొస్తే నువ్వే బుజానెత్తుకుని దించు, కొస తెగిందంటే నీ సంగతి సెప్తాను, ఆ తల్లీకూతుళ్ల టికెట్టు ముక్కలు వాపసు సేసీ, శేషగిరి తల గోక్కుని, సరే, ముందు బువ్వైనా పెడతారా అన్నాడు, కమలాకుమారి ఫక్కున నవ్వి, నవ్వకూడదేమోనని ఆగింది, ముసలావిడ ఆగమనలేదు, జానెడుంది కదే ఇంకా, పిండాల సంగతి మేం సూసుకుంటాం, నువ్వు పని కానీ, అంటూ అందరినీ కోళ్లను తోలినట్టు బయటికి తోలి గుమ్మంలో నిలబడింది.

హైమవతి కింద కూర్చుంది, కళ్లు వాటంతటవే కారుతున్నాయి, తుడుచుకోలేదు, చేతులు తడిగానే ఉండాలి కదా నారకి, చివరి పాయలు తీసి తొడ మీద పరిచి అరచెయ్యి ఆనించింది, ఎటు వెళుతుందో చూద్దామని ఊరుకుంది, చెయ్యి ముందుకి వెళ్లింది, తోసి, మళ్లీ తోసి, చక్కటి ఇంటి పురి, దాన్ని ఏడాది ఎదురు పురి పక్కన పెట్టి ముడివేస్తే ఒకటి ఇటూ ఒకటి అటూ తిరగబోయి ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకున్నాయి, లాగింది, కదల్లేదు, బరువంతా వేసి లాగింది, కదల్లేదు, ఇందులో విప్పవలసింది ఒక్కటీ లేదు, దాచవలసిందీ లేదు, గ్యాలరీలో ఎవరైనా ఇదేమిటని అడిగితే చెబుతుంది, నా భర్త అని చెబుతుంది, నేను అని కూడా, ఏడవడమూ అల్లడమూ తనలో ఎప్పుడూ రెండు కాదు, ఒకటే, ఆ సంగతి తనకి తెలియకముందే ఈ చేతులకి తెలుసు అనుకుంటూ హైమవతి తలెత్తేసరికి, అత్తగారు ఎవరూ మధ్యలో లోపలికి రాకుండా బయటినుంచి తలుపు దగ్గరగా వేసి గొళ్లెం పెట్టింది.