ఉప్పునీళ్లలో ఆపిల్ ముక్కలు

"ఆపిల్ ముక్కలు నల్లబడకుండా పెట్టడం కూడా రాదు, నువ్వేం ల్యాబులో పనిచేస్తావో," అన్నారు మా ఆయన, నిన్నటి బాక్సు మూత తీసి నా ముందు పెడుతూ.

పండ్లు కోసి ప్యాకెట్లలో నింపే కంపెనీలో పన్నెండేళ్లుగా నా పనే అది. కోసిన చోట గాలి తగిలితే ముక్కలోని ఎంజైము దాన్ని నల్లబరుస్తుంది. నిమ్మరసం గానీ ఉప్పునీళ్లు గానీ చల్లదనం గానీ దాని దూకుడు తగ్గిస్తాయి. కొత్తగా చేరిన వాళ్లందరికీ ఈ పాఠం నేనే చెబుతాను. ఇంట్లో మాత్రం నా చదువు చెల్లదు. నిమ్మరసం పిండితే పులుపంటారు. ఉప్పునీళ్లలో ముంచితే ఉప్పంటారు. ఊరికే పెడితే ఇదిగో, ఈ మాట. బాక్సు ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టుకోండి అంటే అంత తీరిక ఎవరికుందంటారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. విసుగొచ్చి చస్తున్నాను.

ఈ రోజైతే మరీ ఒళ్లు మండింది. ల్యాబు ఇన్‌ఛార్జి పదవి తీసుకుంటానో లేదో పొద్దున పదింటిలోగా మేనేజరు మేడమ్‌కి చెప్పాలి. తీసుకుంటే పొద్దున ఏడింటికల్లా అక్కడ ఉండాలి. రెండేళ్ల క్రితం ఇదే పదవి ఇంటికోసం వద్దనుకున్నాను. నేను పని నేర్పినాయనకి ఇచ్చారు. నేను చేసిన పరీక్షల కింద రెండేళ్లు ఆయన సంతకం పెట్టాడు. ఇప్పుడు ఆయన వేరే ఊరు వెళ్లాడు.

రాత్రి భోజనాల దగ్గర చెబితే, "ఏడింటికెళ్తే మా బాక్సులెవరు సర్దుతారు?" అన్నారీయన. అంతే, ఇంకేం అడగలేదు. జీతం ఎంతని కూడా అడగలేదు. "ఉన్నదాంతో సర్దుకోక నీకెందుకమ్మా ఈ తాపత్రయం," అన్నారు అత్తగారు, నేను వడ్డించిన అన్నం కలుపుకుంటూ. మేడమ్‌కి వద్దని చెప్పేద్దామనే పడుకున్నాను.

ఇప్పుడు కొత్త ఆపిల్ చేతిలోకి తీసుకున్నాను. చాకు ఆనించి, ఆగిపోయాను. చెయ్యి తుడుచుకుని ఫోన్ చేశాను.

"మేడమ్, సోమవారం నుంచి ఏడింటికి వస్తాను."

ఆయన పేపరు దించారు. "మరి నా ఆపిల్?"

"కోయకుండా తీసుకెళ్లండి. సాయంత్రం దాకా నల్లబడదు," అని చాకు పిడి ఆయనవైపు తిప్పి బల్లమీద పెట్టాను.