వేర్లు చూసే అంబాదాస్

దొర బంగళా తోటమాలి ఇచ్చిన గులాబి కొమ్మను నేతగాడు అంబాదాస్ సోలాపూర్‌లో తన ఇంటి ముందు డబ్బాలో నాటాడు. రోజూ మగ్గంలో కూర్చునే ముందు దాన్ని పీకి, వేర్లు వచ్చాయా అని చూసి మళ్ళీ గుచ్చేవాడు.

"గట్ల పీకితే యాడ బతుకుతది?" అంది భార్య ద్రౌపది.

"చూడకుంటే ఎట్ల తెలుస్తది?"

ఆమె ఆ కొమ్మలోంచి ఒక ముక్క కోసి, ఆయన కంటపడకుండా నూలుకు రంగులద్దే బాన వెనక నాటింది. నెలన్నరకు అది చిగురించాక, ఆయన నూలుకు బజారెళ్ళినప్పుడు పాత కొమ్మ తీసేసి దీన్ని డబ్బాలో పెట్టింది.

మర్నాడు పీకి చూస్తే తెల్లటి వేర్లు. అంబాదాస్ కళ్ళు చెమర్చాయి. "రోజూ పీకి చూడాలె, గదే కిటుకు" అని వీధంతా చెప్పొచ్చాడు.

సాయంత్రం పక్కింటి నర్సవ్వ ఒక కొమ్మ పట్టుకొచ్చింది. "మా ఆయన గూడ రోజూ పీకుతడట. ఏం జెయ్యాలె?"

ద్రౌపది దాన్ని రెండు ముక్కలు చేసింది. "ఒకటి ఆయనకియ్యి. ఒకటి దాచిపెట్టు."