చవక పిస్టల్ మీద నింద

డాలస్ శివారులో గ్యాస్ స్టేషన్ నడిపే దివాకర్, రెండుసార్లు దొంగలు పడ్డాక ఒక చవక పిస్టల్ కొన్నాడు. షూటింగ్ రేంజ్‌లో దాన్ని చూసి స్నేహితుడు రఘు పగలబడి నవ్వాడు.

"ఏందిరా ఇది, జాతరల కొన్నవా?"

"ముందు కాల్చి చూడరా, తర్వాత నవ్వుదువుగాని."

రఘు రెండు వందల గుళ్లు కాల్చాడు. ఒక్కటీ ఇరుక్కోలేదు. అతని ఖరీదైన పిస్టలే మధ్యలో రెండుసార్లు మొరాయించింది.

దసరాకి దివాకర్ భార్య రాగిణి, కారుతో పాటు ఆ పిస్టల్‌కీ బొట్టు పెట్టి ఆయుధపూజ చేసింది. సాయంత్రం డ్యూటీకి వెళ్తూ అతను దాన్ని తీసుకోబోతే అడ్డుపడింది.

"రేపు ఉద్వాసన చెప్పేదాకా పీట మీంచి కదపకూడదండీ. ఒక్క పూటే కదా!"

అతను ఉత్త చేతులతో వెళ్లాడు. గంట తిరక్కుండానే కౌంటర్ దగ్గర ఒక దొంగ అతన్ని కాల్చి చంపాడు.

ఆరో రోజున రఘు అన్నం కలిపి తెచ్చినా రాగిణి ముట్టలేదు.

"అన్నయ్యా, నేనే చంపుకున్నాను కదూ? అది చేతిలో ఉంటే బతికేవారు కదూ?"

రఘు తల దించుకున్నాడు. "అది ఉత్త డబ్బా చెల్లె. నేను కాల్చి చూసిన. మొదటి గుండుకే ఇరుక్కుంది. ఉన్నా పనికొచ్చేది కాదు."

రాగిణి చాలాసేపు అతని ముఖంలోకే చూసింది. తర్వాత పళ్లెం దగ్గరికి లాక్కుని, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.