మరిగించిన మైలిన్

తప్పు నాదే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, నసగడం నా ఇంటా వంటా లేదు.

మెదడులో నరాల తీగలకు చుట్టుకుని ఉండే తెల్లని పొరను మైలిన్ అంటారు. అందులో ఏ ప్రోటీన్ ఎంత ఉందో తేల్చడం మా ల్యాబ్ పని. నేనక్కడ టెక్నీషియన్‌ని. ఆ పొర కరిగిపోయే జబ్బు మా అన్నయ్యకుంది. మూడేళ్లుగా చేతికర్ర లేనిదే అడుగు వేయలేడు.

పోయిన నెల, ఆ జబ్బుతో చనిపోయినవాళ్ల మెదళ్ల నుంచి తీసిన మైలిన్‌ను, పక్కనే ఆ జబ్బు లేనివాళ్లదీ, ప్రోటీన్లను వేటికవి నీలిగీతలుగా విడదీసే జెల్‌లో నడిపాం. ఆరోగ్యవంతుల వరసల్లో అన్నిటికంటే లావుగా కనిపించే నీలిగీత, రోగుల వరసల్లో దాదాపు లేదు. అంటే మైలిన్‌లోని ముఖ్యమైన ప్రోటీనే లోపించిందన్నమాట. మా ల్యాబ్ నడిపే సార్ ఎగిరి గంతేశారు. నేను నోరు ఆపుకోలేక ఆ రోజే వదినకు ఫోన్ చేశాను.

"లోటెక్కడుందో దొరికింది వదినా. ఇక మందు దొరక్కపోదు."

ఆ మాట విన్న ఉత్సాహంలో అన్నయ్య ఆ సాయంత్రం కర్ర లేకుండా వంటింటిదాకా నడిచాడట.

ఈ సోమవారం ఆ ఫలితం మీద రాసిన వ్యాసాన్ని పరిశోధన పత్రికకు పంపాలి. శుక్రవారం పొద్దున ఫొటోలు సర్దుతుంటే, సార్ అంచులు కత్తిరించని అసలు జెల్ ఫొటో కంటపడింది. రోగుల వరసల పైన, మైలిన్ పోసిన గుంటల్లోనే, నీలిమరక గడ్డకట్టి ఉంది. ఆ ప్రోటీన్‌ను మరిగిస్తే ముద్దకట్టి జెల్‌లోకి దిగదు. నోట్‌బుక్ తీసి చూశాను. ఆరోగ్యవంతుల మైలిన్ గొట్టాలను మా ల్యాబ్‌లో పరిశోధన చేసే అమ్మాయి మరిగించకుండా వాడింది. రోగులవి నేను ఐదు నిమిషాలు మరిగించాను, మిగతా ప్రోటీన్లకు చేసే అలవాటు కొద్దీ.

వెళ్లి సార్‌కు చెప్పి, మళ్లీ నడిపి చూస్తానన్నాను.

"రోగుల మైలిన్ ఇక ఒక్క గొట్టమే మిగిలింది. అదీ పాడుచేస్తావా? మరకేదో అయ్యుంటుందిలే" అన్నారు.

"పాడుచేసింది నేనే సార్. తేల్చేదీ నేనే."

ఆయన ఫ్రీజర్ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు.

ఆ గొట్టాన్ని రెండు సగాలు చేశాను. ఒకటి మరిగించాను, రెండోది మరిగించలేదు. పక్కన ఆరోగ్యవంతులది కూడా పోసి నడిపాను. జెల్‌కు పట్టిన అదనపు రంగు వదిలి గీతలు తేలేదాకా కుర్చీలో కూర్చోలేదు. సాయంత్రానికి తేలిపోయింది. మరిగించిన సగం గుంటలోనే ముద్దకట్టింది. మరిగించని వరసలో ఆ గీత ఆరోగ్యవంతులకు ఎంతుందో అంతే ఉంది. లోటూ లేదు, మేం కనిపెట్టిందీ లేదు. సార్ వ్యాసాన్ని సొరుగులో పడేసి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

ఇంటికి రాగానే వదినకు ఫోన్ చేశాను. "ఆ రోజు నేను చెప్పింది తప్పు వదినా. నా చేత్తో చేసిన తప్పు" అని అంతా చెప్పాను. చెబుతూ ఏడ్చాను. వదిన ఫోన్ అన్నయ్యకిచ్చింది.

"ఆ మైలిన్‌లో ఇంకా ఎన్ని ప్రోటీన్లున్నాయే?" అన్నాడు.

"వందల్లో ఉన్నాయన్నయ్యా. చాలావాటిని ఎవరూ సరిగ్గా చూడలేదు."

"నువ్విలా ఏడుస్తూ కూర్చుంటే ఎవరు చూస్తారు? తిని పడుకో. రేపు పెందలాడే ల్యాబ్‌కు వెళ్లాలి."