ఎనభై శాతం మెత్తన

పొద్దున్నే ఆ పరుపుల కొట్టు తలుపు తీస్తే చాలు, వీధి చివరి ఇంట్లో మనిషి కూడా తుమ్మేవాడు. అంత దూది. కొట్టు మొత్తం రెండు గదులు. ముందు గదిలో బావగారు, ఆయన బల్ల, ఆయన తల మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బోర్డు. వెనక గదిలో కొండంత దూది. ఆ కొండ పాదాల దగ్గర నేలమీద చారల గుడ్డ పరుచుకుని, ఆయన పోయిన తమ్ముడి భార్య. ఆమెని అందరూ దబ్బనం అనేవారు. చేతిలో జానెడు దబ్బనం ఉండేదని కొందరు, నోట్లో మూరెడు ఉండేదని ఇంకొందరు. రెండూ నిజమే.

ఆమె పని చూసి తీరాల్సిందే. ఏకిన దూదిని గుడ్డలో నింపి, అంచుని ఎడమకాలి బొటనవేలితో నేలకి తొక్కిపట్టి, బిగలాగి, దబ్బనం దింపి, పైకి లాగి, ముడి. మళ్ళీ వేలు బెత్తెడు ముందుకి జరిగేది. వేలు సడలితే అంచు వంకర పోతుంది. అంచు వంకర పోతే పరుపు నెల తిరక్కుండా మూటలా ముడుచుకుంటుంది. “చేతులు ఎవరికైనా ఉంటాయి, పరుపు కుట్టేది ఈ వేలు” అనేది. అలా ముప్పయ్యేళ్ళలో ముప్పై వేల పరుపులు కుట్టింది. తను మాత్రం చాప మీద పడుకునేది.

కుట్టేటప్పుడు ఆమె ఒంట్లో ఏముంటే పరుపులో అది ఉండేది. జలుబు చేసిన రోజుల్లో కుట్టినవి కొన్నవాళ్ళు ఇంటిల్లిపాదీ చీదుకుంటూ లేచేవారు. కడుపుతో ఉన్నప్పుడు కుట్టిన ఒక పరుపు మీద పడుకుని ఓ బ్యాంకు మేనేజరు తొమ్మిది నెలలు పులుపు అడిగాడు. దాన్నెవరూ పెద్ద విషయంగా పట్టించుకోలేదు. పాలల్లో నీళ్ళు పోస్తే పల్చబడవా, ఇదీ అంతే అనుకునేవారు. కొనే ముందు కాస్త గుమ్మంలోంచి తొంగిచూసి, “ఏమ్మా, ఒంట్లో కులాసాయేనా?” అని అడిగి మరీ కొనేవారు.

ఆ కులాసా రెండేళ్ళ క్రితం పోయింది. వానకి తడిసిన దూది మూట ఒకటి ఎత్తబోతే నడుములో పుటుక్కుమంది. ఆ చప్పుడుకి పక్క కొట్టులో గాజు సీసాలు పగిలాయంటారు. అక్కడ మొదలైన నొప్పి ఎడమ తొడ వెనకగా దిగి, పిక్క పక్కనించి ఒంపు తిరిగి, బొటనవేలి దగ్గర ఆగేది. ఆ నెల పరుపులు కొన్నవాళ్ళంతా ఎడమకాలు పట్టుకుని కొట్టు ముందు వరస కట్టారు. బావగారు స్కేలు తీసి బోర్డు చూపించారు. చూపించి చూపించి ఆయన చెయ్యి పడిపోయాక, మరదల్ని తనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

వెన్ను డాక్టరు ఫిల్ము తీయించాడు. దాన్ని దీపానికి అడ్డంగా పెట్టి చూశాడు. ఫిల్ము వైపు చూసినంతసేపు మనిషి వైపు చూసి ఉంటే ఈ కథే ఉండేది కాదు. “ఇక్కడ పూస ఉబ్బింది. వెన్నులో స్టిరాయిడ్ ఇంజెక్షన్ వేస్తాం” అన్నాడు.

చల్లటి బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. పొట్ట కింద దిండు. వీపు మీద స్పిరిట్. డాక్టరూ పక్కనున్నాయనా కొత్తింటికి వేయించాల్సిన నేలరాళ్ళ గురించి మాట్లాడుకుంటున్నారు. తెల్లవా, బూడిదరంగువా అని. “కదలకమ్మా” అన్నారు, బూడిదరంగు దగ్గర. సూది దిగింది. దబ్బనం పట్టిన మనిషికి సూది భాష తెలుస్తుంది కదా. అది వెళ్ళాల్సిన చోటికి కాస్త పైకి వెళ్ళిందని ఆమెకి అప్పుడే తెలిసింది. “డాక్టరుగారూ, నొప్పి ఇంకొంచెం కింద” అంది. “మాట్లాడకమ్మా” అన్నారు.

ఏదెలా ఉన్నా పద్దెనిమిది రోజులు తగ్గింది. ఆ పద్దెనిమిది రోజులూ పరుపుల కోసం జనం తోసుకున్నారు. “ఇంజెక్షన్ పవర్లో ఉందా?” అని అడిగి కొనడం అప్పుడే మొదలైంది. రెండోది తొమ్మిది రోజులు ఆగింది. మూడోదానికి ముఖం టమాటాలా ఎర్రబడి మూడు రాత్రులు రెప్ప మూతపడలేదు. ఆ మూడు రోజుల పరుపులు కొన్న ఇళ్ళలో తెల్లవార్లూ అందరూ పైకప్పు దూలాలు లెక్కపెట్టుకున్నారు. నాలుగోదానికి నొప్పి ఇసుమంత కూడా కదల్లేదు. బొటనవేలు మాత్రం మొద్దుబారింది.

ఎంత మొద్దుబారిందంటే, ఓ మధ్యాహ్నం పరుపు పూర్తిచేసి నీళ్ళు తాగుదామని లేస్తే పరుపు కూడా వెంట లేచింది. వేలిని అంచుతో కలిపి కుట్టేసుకుంది. ఏడు కుట్లు. చారల గుడ్డ మీద ఎర్ర చార కొత్తగా వచ్చింది. నొప్పి లేదు. ఆమెకి భయం వేసింది ఆ లేకపోవడానికే. వేలు పోతే అంచు పోయినట్టే. అంచు పోతే కొట్టే పోయినట్టు.

మర్నాడే ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి వరండా ఎంత పొడుగంటే, ఈ చివర కూర్చున్నవాళ్ళకి ఆ చివర చేరేలోపు జుట్టు నెరిసేది. చెక్క బల్లల మీద పన్నెండు మంది. నడుం నొప్పి ఉన్నవాళ్ళకి ఆ బల్లలు వేసినవాడెవడో గానీ వాడి చేతులు విరగ.

“నాకు ఒక్క ఇంజెక్షన్‌తో పోయిందమ్మా” అంది పక్కనున్న పంతులమ్మ. “ఆరు నెలలు మెట్లు పరుగెత్తి ఎక్కాను. అబద్ధమెందుకు.”

“మీరు పెట్టి పుట్టారు” అన్నాడు ఎదురుగా ఉన్న బస్సు డ్రైవరు. “నాకు నడుం సంగతి దేవుడెరుగు, వారం రోజులు తలనొప్పి. కూర్చుంటే తల పగిలిపోవడం, పడుకుంటే తగ్గడం. పడుకుని బస్సు నడపమంటారా అని అడిగితే సెలవు పెట్టమన్నారు.”

రెండయింది. డాక్టరు తలుపు మూసుకుంది. చీటీలు రాసే ఆయన తల బయటికి పెట్టి, “సారు కాసేపు నడుం వాలుస్తారు. మూడింటికి” అన్నాడు.

“మరి మా నడుముల సంగతో?” అంది దబ్బనం.

వరండా అంతా నవ్వింది. నడుం పట్టుకుని నవ్వాల్సి వచ్చింది.

మూడున్నరకి ఆమె వంతు. డాక్టరు ఫైలు తెరిచాడు. “ఎలా ఉందమ్మా?” అని ఫైలుని అడిగాడు.

“బొటనవేలికి స్పర్శ తెలియడం లేదండీ. దబ్బనం గుచ్చుకున్నా...”

“నడుం ఎలా ఉంది?”

“నడుం అలాగే ఉంది. వేలు...”

“నేనడిగింది నడుం.” రాసుకున్నాడు. “వేలికీ దీనికీ సంబంధం లేదు. ఎక్కువగా ఆలోచిస్తున్నావు. మనసుకి సంబంధించింది. నిమ్మళానికి మాత్ర రాస్తున్నా. వచ్చే గురువారం ఐదో ఇంజెక్షన్.”

“వేలు నా మనసులో ఉందంటారా డాక్టరుగారూ? అయితే ఇకనించి చెప్పు అక్కడే తొడుక్కుంటా.”

ఆయన తల ఎత్తలేదు. “నెక్స్ట్” అన్నాడు.

బయటికొచ్చి ఫైలు చీటీల ఆయన ముందు పెట్టింది. “ఏం రాశాడో చదవండి.”

“నొప్పి ఎనభై శాతం తగ్గింది.”

“ఎవరికి?”

“మీకే.”

“నన్నడగలేదే.”

ఆయన గొంతు తగ్గించాడు. “సారు అందరికీ ఎనభయ్యే రాస్తారమ్మా. వంద రాస్తే మళ్ళీ రారు. యాభై రాస్తే ఇంకో చోటికి పోతారు.”

ఆ రోజు ఆమె ఇంటికి నడిచిన దారిలో కుక్కలు పక్కకి తప్పుకున్నాయి. కోపం అంతలా ఉంది.

రెండు రోజులు పోయాక ఆ చీటీల ఆయనే కొట్టుకొచ్చాడు. డాక్టరుగారి గదిలో పాత పరుపు గడ్డలు కట్టిందట. మధ్యాహ్నం గంట పడుకోకపోతే ఆయనకి తల తిరుగుతుందట. మంచిది ఒకటి కావాలి, బుధవారానికల్లా.

బావగారు చేతులు నలుపుకున్నారు. “గురువారం ఇంజెక్షన్ అయ్యాక కుట్టించి పంపుతాం బాబూ. ఇప్పుడు పవర్లో లేదు.”

“ఎందుకు లేదు బావగారూ?” వెనక గదిలోంచి వచ్చింది మాట. దాని వెనకాలే మనిషి, కాలీడ్చుకుంటూ. “ఏమండీ, మీ సారు చేత్తో నాలుగు వేశారు కదా. ఫైల్లో ఎనభై శాతం తగ్గిందని మీరే చదివారు కదా. పరుపు కూడా ఎనభై శాతం మెత్తగా వస్తుంది. ఏం, మీ ఫైలు మీద మీకే నమ్మకం లేదా?”

చీటీల ఆయనకి లేదనడానికి ఉద్యోగం అడ్డం. ఉందనడానికి మనసు అడ్డం. “సారునడిగి చెప్తా” అని వెళ్ళి, సాయంత్రం వచ్చాడు. “ఎనభై చాలన్నారు” అన్నాడు, నేల చూస్తూ.

అతను వెళ్ళాక బావగారు వెనక గది గుమ్మంలో నిలబడ్డారు. “వద్దమ్మా. గురువారం మళ్ళీ ఆయన దగ్గరికే పోవాలి మనం.”

“నోటితో చెప్పా బావగారూ. వినలేదు. ఆయనకి వినే తీరిక పడుకున్నప్పుడే ఉన్నట్టుంది.”

మూడు రోజులు కుట్టింది. అంత శ్రద్ధగా ఏ పరుపూ కుట్టలేదు. వేలికి అంచు తెలియదు గనక కళ్ళతో కాపలా కాస్తూ, అంగుళం అంగుళం. నడుములో సమ్మెట దెబ్బ పడ్డప్పుడల్లా ఆగకుండా ఆ పోటుతోనే కుట్టు దింపింది. ఒక్క ముడి కూడా వదులు లేదు.

గురువారం మళ్ళీ అదే వరండా. పొద్దుట్నించి ఏమీ తినకుండా రమ్మన్నారు గనక పన్నెండు కడుపులూ కలిసి కూస్తున్నాయి. రెండింటికి తలుపు మూసుకుంది.

రెండూ పదికి తెరుచుకుంది.

డాక్టరు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఒక చెయ్యి నడుం మీద. ఎడమకాలు వెనకాలే ఈడ్చుకొచ్చాడు, పక్కింటివాళ్ళ పిల్లిలా అది ఆయన మాట వినడం లేదు. ఏమైందని ఎవరూ అడగలేదు. అక్కడున్న పన్నెండు మందికీ ఏమైందో తెలుసు. ఆయన ఎలాగో ఒక చెక్క బల్ల మీద కూలబడి, ఎడమ చెప్పు విడిచి, బొటనవేలిని గిల్లుకున్నాడు. ఇంకా గట్టిగా గిల్లాడు. ఆయన ముఖం ఆయన కొనబోయే నేలరాళ్ళలా బూడిదరంగుకి తిరిగింది.

“పరుపు కుట్టినావిడ ఎక్కడ?”

“ఇక్కడే ఉన్నా. మీరు రమ్మన్న రోజే ఇది.”

“ఈ వేలు... ఎప్పట్నించి ఇలా ఉంది మీకు?” మొదటిసారి ఆ గొంతులో ‘మీకు’ వచ్చింది.

“నాలుగో ఇంజెక్షన్ నించి.”

“ముందే చెప్పాలి కదమ్మా.”

పన్నెండు కడుపులూ కూయడం మానేశాయి.

“చెప్పింది సార్” అన్నాడు బస్సు డ్రైవరు. “బయటికి వినపడింది. మేం విన్నాం.”

“ఆ తలుపు కూడా విన్నది” అంది పంతులమ్మ.

డాక్టరు ఆమెని లోపలికి తీసుకెళ్ళాడు. ఫిల్ము తీయలేదు. నాలుగు ఇంజెక్షన్లలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. వెతుక్కోలేదు, ఎక్కడో తనకిప్పుడు తెలుసు. నేరుగా ఒక పూస కిందికి దిగి నొక్కాడు.

“ఇక్కడా?”

“ఆ.”

“ఫిల్ములో పైన కనిపించింది” అన్నాడు నెమ్మదిగా.

“పరుపులు కుట్టేది ఫిల్ము కాదు సార్.”

ఐదో ఇంజెక్షన్ రద్దు చేశాడు. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరుకి అప్పటికప్పుడు ఉత్తరం రాశాడు, నరం నలుగుతోంది, ఆలస్యం చేయొద్దని. తర్వాత ఫైలు తెరిచి ఎనభై మీద గీత కొట్టి, కలం పట్టుకుని ఆగాడు. ఆమె ముఖం చూశాడు. “నొప్పి ఎంత తగ్గింది?”

“సున్నా.”

సున్నా రాశాడు. “ఇంకేమైనా?”

“కోపం ఉంది. రాయడానికి మీ ఫైల్లో గడి లేదు.”

మర్నాడే పెద్ద డాక్టరు ఆపరేషన్ చేశాడు. ఇంకో పక్షం ఆగి ఉంటే పాదం మొత్తం వేలాడిపోయేదని చెప్పాడు. ఆమె అయిదు నెలలు చాప మీదే ఉంది, నోరు మాత్రం ఒక్క పూట కూడా సెలవు పెట్టలేదు. ఆరో నెల మొదట్లో మళ్ళీ చారల గుడ్డ పరిచింది. వేలింకా మొద్దుగానే ఉంది, కళ్ళే కాపలా.

ఓ పొద్దున చీటీల ఆయన డాక్టరుగారి పరుపు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. “సారు దీని మీద పడుకోలేకపోతున్నారమ్మా. కొత్తది కొనుక్కోవచ్చు గానీ, ఇది పడేస్తే బాగుండదంటున్నారు. మీరు విప్పి మళ్ళీ కుడతారేమోనని.”

ఆమె మాట్లాడక ముందే బావగారు లేచారు. వద్దమ్మా అని బతిమాలిన బావగారే. స్కేలు తీసి, తల మీది బోర్డుని ఒక్కో అక్షరం కిందా పెట్టి చూపించారు.

“మరి ఏం చెప్పమంటారు సారుకి?”

“ఎనభై శాతం మెత్తగానే ఉందని రాసుకోమను” అంది వెనక గదిలోంచి ఆమె.

అతను మళ్ళీ నెత్తిన పెట్టుకుని వెళ్ళాడు. ఆమె తన మాటకి తనే నవ్వుకుంటూ, కాస్త ఏమరుపాటుగా దబ్బనం దింపింది.

“అబ్బా” అని వినిపించింది.

బావగారు పరుగెత్తుకొచ్చారు. ఆమె ఎడమకాలు రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. బొటనవేలి చివర ఆవగింజంత రక్తం. కళ్ళలో నీళ్ళు.

“ఏమైందమ్మా?”

“నొప్పి బావగారూ. గుచ్చుకుంటే నొప్పెట్టింది.”

ఆయన పరుపు వైపు చూసి, “ఈ పరుపు ఎవరికో చెప్పు, పేరు రాసి చీటీ కడతాను” అన్నారు.

ఆమె మళ్ళీ అంచు మీద వేలు ఆనించింది. గుడ్డ గరుకు, దాని కింద దూది మెత్తన, దాని కింద నేల చల్లదనం, మూడూ వేరువేరుగా తెలిశాయి.

“దీనికి చీటీ వద్దు” అంది. “చాప చుట్టి లోపల పెట్టండి. ఇది నాకు.”